ఆకుల గిన్నెలో నీళ్లు

ఇవాళ నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. మోకాలు వాచింది, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, పైగా టేబుల్ మీద పెళ్లికొడుకుల ఫైళ్లు గుట్టగా పడి ఉన్నాయి. మాదాపూర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోందంటే వసంత అనే ఈ ఆడమనిషి తుపాకీ పట్టుకుని తిరుగుతుందనుకుంటారు జనం. నేను చేసేది ఇదీ: అబ్బాయి చెప్పిన కంపెనీలోనే పని చేస్తున్నాడా, తాగుతాడా, ఇదివరకు ఎవరితోనైనా తిరిగాడా. ముహూర్తాలు లేని నెలల్లో పనిమనుషుల గురించి వాకబు. ఇన్నేళ్లు ఇదే పని చేసి చేసి విసుగొచ్చేసింది.

ఆ ఫైళ్ల పక్కనే ఒక బ్రొమీలియాడ్ మొక్క ఉంది. జయంతి ఇచ్చింది. అనాస చెట్టుకు చుట్టమట ఇది. ఆకులు చుట్టూ పేర్చినట్టు వచ్చి మధ్యలో గిన్నెలా అవుతాయి. నీళ్లు మట్టిలో కాదు, ఆ గిన్నెలో పోయాలి. ఒక్కసారే పూస్తుంది, ఆ రంగు నెలల తరబడి ఉంటుంది, తర్వాత తల్లి మొక్క మెల్లగా పోతుంది. పోయేలోగా అరటిలాగే పక్కన పిలకలు పెడుతుంది. అలాంటి పిలకే నా దగ్గరున్నది.

"మీలాంటి వాళ్లకి ఇదే మంచిదండి, పట్టించుకోకపోయినా బతికేస్తుంది" అంది జయంతి ఇస్తూ. ఆ తర్వాత అరగంట పాటు జాగ్రత్తలు చెప్పింది. సూటి ఎండ వద్దు, వెలుతురు ఉండాలి. వారానికోసారి కుండీ వంచి పాత నీళ్లు పారబోయాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. రాగి, ఇత్తడి సామాను దగ్గరికి రానివ్వకూడదు. నేను తలూపాను గానీ సగమే విన్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చింది మొక్కల పని మీద కాదు. కొత్తగా పెట్టుకోబోయే పనిమనిషి జ్యోతి ఎలాంటిదో కనుక్కోమని వచ్చింది. నేను నానక్‌రామ్‌గూడలో జ్యోతి ఉండే గల్లీకి వెళ్లి, కిరాయి ఇంటామెను, కిరాణా కొట్టువాణ్ని అడిగి, నమ్మదగిన మనిషి అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

పోయిన గురువారం పొద్దున జయంతి నానక్‌రామ్‌గూడలోనే ఉన్న తన ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ పక్కన స్పృహ తప్పి పడి ఉంది. మొదట చూసింది జ్యోతి. కడుపులోకి నిద్రమాత్రలు విపరీతంగా వెళ్లాయని ఆసుపత్రిలో తేల్చారు. జ్యోతి సంచిలో ఖాళీ మాత్రల షీటు దొరికింది. అప్పటి నుంచి ఆమెను రోజూ పొద్దున స్టేషన్‌కు పిలవడం, పొద్దుగూకే ముందు ఇంటికి పంపడం. ఇవాళ మంగళవారం. ఇవాళ మాత్రం ఇంటికి పంపరు, సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టి జైలుకు తీసుకుపోతారు. ఆ సంగతి చెప్పడానికే ఆమె మొగుడు శేఖర్ ఆటో కింద నిలబెట్టి నా మెట్లెక్కి వచ్చాడు.

"పాప ఇంక పాలు మానలె మేడం" అన్నాడు. తర్వాత, "మంచిదని మీరే కద రాసిచ్చిన్రు" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మోకాలికి పట్టీ బిగించుకుని లేచాను.

*

ఇన్‌స్పెక్టర్ సాయిచంద్‌కు నేనంటే గిట్టదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి పరీక్ష రాసి పోలీసైన మనిషి. చొక్కా మడత నలగదు, మాట తొణకదు. నన్ను మేడం అంటాడు గానీ, బంధువుల ఇంటికొచ్చిన పాతకాలపు మేనత్తను చూసినట్టు చూస్తాడు. బల్ల సొరుగులోంచి నేను రాసిచ్చిన కాగితమే తీసి నా ముందు పెట్టాడు.

"ఇది మీ సంతకమే కదా మేడం. ప్రాసిక్యూషన్‌కు బాగా పనికొస్తది. ఎంత ఈజీగా మోసం చేసిందో తెలుస్తది."

కోపం వచ్చింది. కానీ కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. జ్యోతితో మాట్లాడనివ్వమని అడిగాను. తన ముందే మాట్లాడాలన్నాడు. సరే అన్నాను.

జ్యోతి గోడ పక్కన బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తలుపు తీసిన దగ్గర నుంచి చెప్పమన్నాను. తన దగ్గరున్న తాళంతో ఎనిమిదింటికి తలుపు తీసింది. సారు బూట్లు స్టాండు మీద లేవు, జయంతి భర్త అప్పటికే వెళ్లిపోయాడు. అమ్మా అని పిలిస్తే పలకలేదు. చూస్తే కింద పడి ఉంది. ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి మూసింది. అప్పటికీ లేవకపోయేసరికి బయటికొచ్చి అరిచింది. వాచ్‌మన్ పెంటయ్య పైకొచ్చి సారుకు ఫోన్ చేశాడు.

"సారు ఎంతసేపట్ల వచ్చిండు?"

"జల్దినే వచ్చిండు మేడం. అంబులెన్స్ కంటే ముందే."

ఆఫీసులు తెరిచే వేళ, అతని ఆఫీసున్న మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు అంబులెన్స్ కంటే ముందు రావడమా అనుకున్నాను. అనుకుని వదిలేశాను. బండి మీద సందుల్లోంచి వచ్చి ఉండొచ్చు.

తర్వాత రాగి చెంబు గురించి అడిగాను. జయంతికి లేవగానే రాగి చెంబులో నీళ్లు తాగే అలవాటు. మాత్రలు ఆ నీళ్లలోనే కలిపారని పోలీసుల లెక్క. జ్యోతి చెప్పింది: రాత్రి పూట చెంబు నింపి మూత పెట్టేది సారే. తను వచ్చేసరికి చెంబు సింకు పక్కన బోర్లించి ఉంది. ఇంకా తడి కూడా ఆరలేదు.

"కడిగింది నువ్వే" అన్నాడు సాయిచంద్.

"నేను కడగలె సార్. ఎన్నిసార్లు చెప్పాలె."

అలవాటు కొద్దీ నేను ఇంకో ప్రశ్న అడిగాను, పెద్ద ఆలోచన లేకుండానే. రోజూ చెంబులో నీళ్లు మిగిలితే ఏం చేస్తావని. సింకులో పోస్తానంది. మొదట్లో ఒకసారి చెట్లలో పోస్తే అమ్మ బాగా కోపం చేసిందట. ఆ చెట్లకు రాగి పడదట. అప్పటి నుంచి చెంబు పట్టుకుని ఆ దిక్కుకే పోలేదు.

"సారు వాళ్ల అమ్మ వస్తే మాత్రం సింకుల పోయనియ్యది" అంది జ్యోతి ముక్కు తుడుచుకుంటూ. "రాగి నీళ్లు పారబొయ్యద్దంట, పాపమంట. ఆమె ఉన్నన్ని రోజులు తల్లీకొడుకుల తోటి నాకు పరేషాన్."

సాయిచంద్ గడియారం చూసుకున్నాడు. నాలుగింటికి కోర్టుకు బయల్దేరాలి. ఆ లోపల ఫ్లాట్‌కు వెళ్లి ఒక పంచనామా మీద జయంతి భర్త సంతకం తీసుకోవాలట. నన్నూ తీసుకెళ్లమన్నాను. చూసి ఏం చేస్తారన్నాడు. ఏం చేస్తానో నాకూ తెలియదన్నాను. ఆ జవాబుకు నవ్వొచ్చిందేమో, జీపెక్కమన్నాడు.

*

తలుపు తీసింది తేజ, జయంతి భర్త. గడ్డం పెరిగి, కళ్లు పీక్కుపోయి ఉన్నాడు. మెడలో కంపెనీ పేరున్న నీలం తాడు, దాని చివర చొక్కా జేబులోకి దోపి ఉంది. ఇన్ని కష్టాల్లోనూ ఆఫీసు తాడు మెడలోంచి తియ్యలేదే అని నిజంగానే జాలేసింది. ఈ చుట్టుపక్కల మనుషులకు అది తాళిబొట్టు కంటే ఎక్కువైపోయింది.

జయంతి పొద్దున కళ్లు తెరిచిందని చెప్పాడు. ఇంటెన్సివ్ కేర్ నుంచి మామూలు గదికి మార్చారట. మాట ఇంకా రాలేదు, సాయంత్రానికి రావచ్చన్నారట డాక్టర్లు. ఆ మాట వినగానే నా ఒంట్లో ఓపిక వచ్చినట్టయింది. ఆమె నోరు విప్పితే జ్యోతి బయటపడుతుంది. ఇక నా అవసరం ఎవరికీ ఉండదు, ఇంటికెళ్లి పడుకోవచ్చు.

అయినా రెండు ప్రశ్నలు అడిగాను. గురువారం ఏడింటికే బయల్దేరానండి, క్లయింట్ కాల్ ఉంది, తనప్పటికి నిద్రపోతోంది అన్నాడు. ఫోన్ వచ్చినప్పుడు ఎక్కడున్నారని అడిగితే ఆఫీసులోనేనండి అన్నాడు. మాట్లాడుతూనే వంటింట్లోకి వెళ్లి, గట్టు మీద సగం నిండి ఉన్న రాగి బాటిల్‌ని ఫిల్టర్ కింద పెట్టి నింపాడు.

"నోటితో కొంచెం కొంచెం నీళ్లు పట్టమన్నారండి. తనకి ఇంటి నీళ్లయితేనే దిగుతాయి." మూత బిగించి కళ్లు తుడుచుకున్నాడు. "తను లేచి కూర్చుంటే చాలు, జ్యోతిని కూడా నేనేమీ అననండి."

సంతకం పెట్టి, పని అయ్యాక తలుపు లాగెయ్యమని చెప్పి, బాటిల్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయాడు. భర్తంటే ఇలా ఉండాలి అన్నట్టు చూశాడు సాయిచంద్. నేనూ అలాగే చూశాను, అబద్ధమెందుకు.

హాలు నిండా బ్రొమీలియాడ్లే. కిటికీ పొడవునా ఎర్ర నక్షత్రాలు, పసుపు కత్తుల్లాంటివి, వెండి బూడిద పూసుకున్న ఆకుల మధ్య గులాబీ రంగు పువ్వులు. వాటిని అలా వదిలేసి ఆమె ఆసుపత్రిలో పడి ఉంది. ఎవరూ వాటి మొహం చూసినట్టు లేదు. కింది ఆకుల మీద దుమ్ము పేరుకుంది. నా టేబుల్ మీది మొక్కకు నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి, ముందు వీటికైనా మారుద్దామని ఒక కుండీ దగ్గర వంగాను. మోకాలు కలుక్కుమంది.

ఆకుల గిన్నెలో దోమపిల్లలు. సన్నటి నల్ల పురుగుల్లా మెలికలు తిరుగుతూ ఉన్నాయి. ఫోన్ లైటు వేసి పక్క కుండీలో చూస్తే అందులోనూ అవే. జ్యోతి ఉంటే వంచి పారబోసేది, ఆమేమో స్టేషన్‌లో కూర్చుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. సాయిచంద్ తలుపు దగ్గర నిలబడి, మొక్కల పని తర్వాత చూద్దురు గానీ రండి మేడం అన్నాడు.

వంటింటి గుమ్మం పక్కన, మిగతా వాటికి దూరంగా, ఒక కుండీ ఉంది. అందులో దోమపిల్ల ఒక్కటి కూడా లేదు. నీళ్లున్నాయి, నిండా ఉన్నాయి. నడిమి ఆకులు మొదళ్ల దగ్గర కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. గిన్నె అడుగున, ఆకు ఆకు అంటుకునే చోట, సున్నంలాంటి తెల్లటి మడ్డి పేరుకుని ఉంది.

నేను నేల మీద చతికిలబడ్డాను. లేవగలనో లేదో అప్పుడు తట్టలేదు. రాగి తగలనివ్వకండి అని ఆమె చెబుతుంటే సగం విన్నాను కదా, ఆ విన్న సగంలో ఈ మాట ఉంది. ఆకు కాలింది రాగి చెంబు నీళ్లకి, అడుగున ఉన్నది మాత్రల పొడి.

"సాయిచంద్ గారూ, మాత్రలు కలిపిన నీళ్లు ఇక్కడున్నాయి."

ఆయన వచ్చి వంగి చూశాడు. జయంతి మొక్కల సామాను బుట్టలో సూది లేని సిరంజీ ఉంది, గిన్నెలో పాత నీళ్లు లాగడానికి వాడేది. దాన్ని కడిగి, ఆ నీళ్లను, అడుగు మడ్డితో సహా, శుభ్రమైన సీసాలోకి లాగాను. మామూలు మొక్కలో పోసి ఉంటే నీళ్లు మట్టిలో ఇంకిపోయి ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఈ మొక్క పోసినదాన్ని పోసినట్టే ఒళ్లో దాచుకుంటుంది. పోసినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

"అయితే ఏమైంది? జ్యోతే పోసి ఉంటది" అన్నాడు సాయిచంద్. గొంతులో మునుపటి ధీమా లేదు గానీ ఓడిపోవడం ఇష్టం లేదు. "చెంబు కడిగే ముందు మిగిలినవి ఇక్కడ పోసింది. సింపుల్."

"పక్కనే సింకు పెట్టుకుని ఇక్కడిదాకా ఎందుకు వస్తుంది? ఇదే పని చేసి ఒకసారి తిట్లు తిన్న మనిషి."

"తిట్లు తిన్నానని చెప్పింది ఆమే."

"రాగి పడదని జయంతి నాకూ చెప్పింది. ఈ మొక్కల్ని పెంచే మనిషి పోయదు, తిట్లు తిన్న మనిషి పోయదు. రాగి నీళ్లు పారబోస్తే పాపమని చిన్నప్పటి నుంచి ఇంట్లో విని, మొక్కల సంగతి పట్టని మనిషి పోస్తాడు. ఆలోచించి చేసింది కాదు ఇది. చెంబు ఖాళీ చెయ్యాలనుకున్నాడు, చెయ్యి దానంతటదే మొక్క దగ్గరికి పోయింది."

"తేజ ఏడింటికే వెళ్లిపోయాడు మేడం."

"ఆమె నిద్రలో ఉండగానే వెళ్లిపోయానన్నాడు. అప్పటికి చెంబు నిండుగా ఉండాలి. ఆమె తాగాకే కదా మిగిలేది? మిగిలినవి పారబోసి, చెంబు కడిగి, బోర్లించినవాడు ఆమె పడిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆ వేళ అతను ఆఫీసులో ఉన్నాడని మీరు కనుక్కున్నారా?"

సాయిచంద్ కనుక్కోలేదు. మెడలో తాడు చూసి నమ్మాడు. నేనూ చూశాను, కాకపోతే జాలి కూడా పడ్డాను. ఇద్దరిలో ఎవరు పెద్ద తెలివితక్కువవాళ్లో తేల్చుకునే తీరిక లేదు.

తేజ తాడు మీద పేరున్న కంపెనీ హెచ్ఆర్‌లో రసజ్ఞ అనే అమ్మాయి నాకు తెలుసు. పెళ్లికొడుకుల కోసం నెలకోసారైనా ఆమెకు ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి చేశాను. పేరు చెప్పగానే, వెతకాల్సిన పని కూడా లేదన్నట్టు జవాబిచ్చింది. వానాకాలం మొదట్లో తీసేసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

"మరి మెడలో మీ తాడు ఉంది కదమ్మా?"

"కార్డు తీసుకుంటామండి, తాడు ఎవరు అడుగుతారు? చాలామంది దాంతోనే తిరుగుతున్నారు, పాపం." మళ్లీ తనే, "అదేంటి మేడం, పోయిన బుధవారం వాళ్ల ఆవిడ కూడా ఫోన్ చేసి ఇదే అడిగారు" అంది.

ఫోన్ పెట్టేశాను. రోజూ పొద్దున ముస్తాబై, తాడు మెడలో వేసుకుని, ఏ ఫుడ్ కోర్టులోనో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చే మనిషి. బుధవారం మధ్యాహ్నం ఆమెకు తెలిసింది. రాత్రి అడిగి ఉంటుంది. మీ అమ్మకు నువ్వు చెబుతావా నేను చెప్పనా అని ఉంటుంది. ఆ రాత్రి చెంబు నింపింది అతనే. నలుగురిలో తల వంచుకోవాల్సి వస్తుందని మనిషిని చంపడమా అని ఎవరైనా అడగొచ్చు. నేను ఇన్నేళ్లలో చూసిన కారణాలన్నీ ఇంతకంటే చిన్నవే. పొద్దున అంబులెన్స్ కంటే ముందు రావడానికి అతను కింద ఏ టీకొట్టు దగ్గరో నిలబడి ఉంటే చాలు, ఆ హడావుడిలో జ్యోతి సంచిలో షీటు వెయ్యడానికి ఒక్క నిమిషం చాలు.

సాయిచంద్ స్టేషన్‌కు ఫోన్ చేసి, జ్యోతిని కోర్టుకు తీసుకెళ్లవద్దని, ఇంటికి పంపమని చెప్పాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని నేల మీంచి లేపాడు. "సారీ మేడం" అన్నాడు, నా మొహం చూడకుండా.

నాకు ఆ మాట సగమే వినిపించింది. వంటింటి గట్టు మీద తడి మచ్చ ఒకటి గుండ్రంగా ఉంది, రాగి బాటిల్ పెట్టిన చోటు. మేము వచ్చేసరికే అది సగం నిండి ఉంది. పైన ఫిల్టర్ నీళ్లు పోశాడు. అడుగున ఏమున్నాయో మేమిద్దరం చూడలేదు. సాయంత్రానికి జయంతికి మాట వస్తుందని చెప్పింది కూడా అతనే.

ఆసుపత్రి నంబరు సాయిచంద్ ఫోన్‌లో ఉంది. ఆయన నొక్కి నాకిచ్చి కిందికి పరిగెత్తాడు, జీపు తియ్యడానికి. నర్సు ఎత్తింది. పింకీ అని పేరు చెప్పింది, చిన్నపిల్ల గొంతు. జయంతి గారి గదేనా అని అడిగాను. అవునంది. మేడం ఇప్పుడు బాగున్నారని, వాళ్ల సారు చాలా మంచివారని, వచ్చిన దగ్గర నుంచి పక్కనే కూర్చున్నారని సంతోషంగా చెప్పింది.

"ఆయన తెచ్చిన రాగి బాటిల్ ముందు నువ్వు తీసుకోమ్మా. అందులో నీళ్లు ఎవరికీ పట్టనివ్వకు."

"అయిపోయినయి కదా మేడం" అంది పింకీ. "మేడంకు దాహమైతే చెంచా తోటి చానా తాపిచ్చిండు సారు. అడుగున జర మిగిలితే నేను సింకుల పోస్తనన్న. పొయ్యద్దన్నడు, పాపమంట. కిటికీల మనీ ప్లాంట్ ఉంటది, దాంట్ల పోసి ఇప్పుడే బయటికి పోయిండు."